నల్లబడ్డ బంతిపువ్వు

ఆ సోమవారం పొద్దున లక్ష్మీపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్త కంట్లో చుక్కలు వేయాలి, రెండు పిడికిళ్ళ బొరుగుల ఉగ్గాని తినాలి, ఆఫీసుకు వెళ్ళి ఎవరి కంటా పడకుండా సాయంత్రం దాకా కూర్చోవాలి. శుక్రవారం వరకూ రోజూ ఇదే పని. శుక్రవారం బదిలీల జాబితా వస్తుంది. అందులో తన పేరు లేకపోతే చాలు, ఆ తర్వాత ఎవరి కంట పడ్డా ఫరవాలేదు.

రాయదుర్గం అవతల గుమ్మఘట్టలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అనంతపురం ఆఫీసు నుంచి ఒకరు వెళ్ళి అందులో కూర్చోవాలి. అందరికంటే ఎక్కువ కాలంగా ఇక్కడే పాతుకుపోయినవాడు లక్ష్మీపతి కాబట్టి న్యాయంగా మొదటి పేరు అతనిదే. గుమ్మఘట్ట మీద అతనికి కోపమేమీ లేదు. అక్కడికి పోతే మధ్యాహ్నం బండి మీద బుక్కరాయసముద్రం వచ్చి, ఓబులమ్మ కంట్లో చుక్కలు వేసి, మళ్ళీ ఆఫీసుకు చేరడం కుదరదు, అంతే. భార్య పోయిన తర్వాత ఆ ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. ఓబులమ్మ అతనికి ముందు మేనత్త, ఆ తర్వాత పిల్లనిచ్చిన అత్త. పోయిన వారమే ఆమెకు ఒక కంటికి శుక్లాల ఆపరేషను అయింది. చుక్కలు వేళకు పడకపోతే చేసిన కన్ను కూడా దక్కదని డాక్టరు బెదిరించి పంపాడు.

"పక్కింటి పెద్దక్కతో ఏపించుకో అంటే ఇనవు గదా అత్తా" అన్నాడు లక్ష్మీపతి, సీసా మూత బిగిస్తూ.

"ఆయమ్మ ఏస్తే చెంపకు పడతాయప్పా. చెంపకు చూపొస్తే నేనేం జేసుకోవల్ల?" అంది ఓబులమ్మ, ఆసుపత్రివాళ్ళిచ్చిన నల్లద్దాలు పెట్టుకుంటూ. "మీ మేడంకు చెప్పినావా లేదా?"

"చెప్పినా. శుక్రవారం దాకా నా మీద ఏ మాటా రాకుంటే, ఈడే ఉండేటట్టు చూస్తానన్యాది."

"మాట వచ్చేకి నువ్వేమన్నా మాట్లాడే మనిషివా? పో, నిమ్మళంగా పోయిరా."

ఓబులమ్మ అన్నది నిజమే. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి లక్ష్మీపతి మీద ఎవరూ ఏ మాటా అనలేదు. కొందరికైతే అతనొకడున్నాడని కూడా తెలియదు.

అది ఏ శాఖ ఆఫీసో పేరు చెప్పనక్కర్లేదు. వానలు పడితే పని తక్కువ, పడకపోతే పని ఎక్కువ ఉండే శాఖ. అనంతపురంలో అలాంటి ఆఫీసులో పనెంత ఉంటుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. ముగ్గురు చేయాల్సింది ఒకరు చేస్తున్నారు. ఫ్యాన్లలో కొన్ని తిరుగుతాయి, కొన్ని తిరుగుతున్నట్టు చప్పుడు చేస్తాయి. ఎండిన బోర్ల కాగితాలు పట్టుకుని వరండా నిండా జనం. గుమాస్తాలకు నిద్ర పట్టడం లేదనీ, రక్తపోటు పెరిగిపోతోందనీ, సిబ్బందిని పెంచమనీ ఉద్యోగుల సంఘం పైకి అర్జీ పెట్టుకుంది. పైవాళ్ళు అర్జీని చాలా శ్రద్ధగా చదివారు. మనుషులను పంపడం కుదరలేదు గాని, రంగు పెన్సిళ్ళు పంపారు.

పెన్సిళ్ళతో పాటు జ్యోతి అనే అమ్మాయి వచ్చింది. మనసు సంగతులు చదువుకున్న పిల్ల. నవ్వుమొహం, భుజాన గుడ్డసంచి, చేతిలో రక్తపోటు చూసే మిషను. హాల్లో అందరినీ కూర్చోబెట్టి, రక్తపోటు చూసి రాసుకుని, తలా ఒక బొమ్మ కాగితం పంచింది. కాగితాల మీద గీతలే ఉన్నాయి. ఒకరికి నెమలి, ఒకరికి చేప, ఒకరికి సుడులు తిరిగే ముగ్గులాంటిది. లక్ష్మీపతికి కాగితం నిండా విచ్చుకున్న బంతిపువ్వు వచ్చింది.

"ఇది పిల్లల పని అనుకోకండి సార్. గీతల మధ్య మెల్లగా రంగు నింపుతుంటే మనసు ఒకచోట నిలుస్తుంది. ఊపిరి నెమ్మదిస్తుంది. ఇందులో తప్పూ ఒప్పూ అంటూ లేవు. మీకు ఏ రంగు నచ్చితే ఆ రంగు వేసుకోండి" అంది జ్యోతి.

ఆ చివరి మాటకు గుమాస్తాల ఊపిరి నెమ్మదించలేదు సరిగదా, కాసేపు ఆగింది.

ఆ అమ్మాయి చదువంతా బెంగళూరులో సాగింది. ఇక్కడ రంగులకు యజమానులుంటారని ఆమెకు తెలియదు. పసుపు ఒకరిది, నీలం ఒకరిది, ఎరుపు ఒకరిది, కాషాయం ఒకరిది. నీళ్ళ ట్యాంకు, బడి గోడ, చెత్త బండి, శ్మశానం గేటు అన్నీ ఎన్నికల ఫలితాలు రాగానే కొత్త రంగు కట్టుకుంటాయి. ఈ ఆఫీసు ప్రహరీని గోరుతో గీకితే పొరలు పొరలుగా రాష్ట్ర చరిత్ర రాలుతుంది. ఇక్కడి గుమాస్తా పండుగకు చొక్కా కొనేముందు కూడా ఎన్నికలెప్పుడో ఒకసారి చూసుకుంటాడు.

ఆఫీసు పెద్ద ఈశ్వరి మేడం లేచి నిలబడింది. ఆమె కోస్తా నుంచి వచ్చింది. మనసు మంచిదే. కాకపోతే పైనుంచి ఫోను వస్తే కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడే మనిషి.

"అందరూ పూర్తి చేసేయాలండీ. ఫోటోలు ఇవాళే జిల్లా గ్రూపులో పెట్టాలి. కేబుల్ టీవీ ఆయన్ని కూడా రమ్మన్నాను. ప్రశాంతంగా చేయండి. కానీ త్వరగా చేయండి" అంది.

వరండాలోని రైతులు కిటికీ ఊచల మధ్య నుంచి లోపలికి తొంగి చూశారు.

"ఏం జేస్తాండారప్పా సార్లంతా తల వంచుకోని?"

"పరీక్ష పెట్టినారేమో."

"ఉద్యోగం వచ్చినాక పరీక్షేంది?"

"ఇప్పుడన్నా పెట్టినారు, సంతోషపడు."

లక్ష్మీపతి ఏమీ ఆలోచించకుండా పసుపు పెన్సిలు తీశాడు. మొదటి రేకు నింపేటప్పుడు శుక్రవారం గుర్తుంది. కొన్ని రేకులయ్యేసరికి శుక్రవారం ఎటో పోయింది. భార్య బతికున్నప్పుడు గిన్నెలు కడిగిన నీళ్ళు పోసి పెరట్లో బంతిమొక్కలు పెంచేది. బోర్లు ఎండిన ఏడు కూడా, ఆ ఎంగిలినీళ్ళకే అవి మోకాలెత్తు పెరిగి పూసేవి. ఆ ఆకుల ఘాటు ముక్కుకు తగిలినట్టయింది. చాలా రోజులుగా చెవుల దగ్గరికి బిగుసుకుపోయిన భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. ఈ పిల్ల చెప్పింది అబద్ధమేమీ కాదనుకున్నాడు.

"సామీ" అని కిటికీ దగ్గర గొంతు వినబడింది. మారెక్క అనే రైతమ్మ, కాగితం పట్టుకుని నిలబడి ఉంది. "నీ సంతకం ఒగటి కావల్ల. బొమ్మ అయిపోనీలే, ఉంటా."

"బొమ్మ యాడికీ పోదులేమ్మా, నీ బస్సు పోతాది" అని లక్ష్మీపతి లేచి బయటికి వెళ్ళి, కాగితం చదివి సంతకం చేసి వచ్చాడు.

వచ్చేసరికి అతని బల్ల దగ్గర వెంకటేశులు నిలబడి ఉన్నాడు. పాము కనబడితే మనిషి ఎంత దూరంలో నిలబడతాడో, బంతిపువ్వుకు అంత దూరంలో ఉన్నాడు. వెంకటేశులు పక్క సీటు గుమాస్తా. ఏ నాయకుడు ఎవరి కారులో తిరుగుతున్నాడో, ఎవరింటి పెళ్ళికి పోతే ఎవరికి కోపమొస్తుందో అన్నీ తెలిసినవాడు. ఇన్నేళ్ళ సర్వీసులో అతను ఒక్క తప్పు కూడా చేయలేదు. ఏ పనీ చేయకపోవడం వల్ల అది సాధ్యమైంది.

"ఏమప్పా లక్ష్మీపతన్నా, ఏం జేసినావు ఇది?"

"బంతిపువ్వు."

"అది కనపడతానే ఉండాది. పసుపు ఎందుకేసినావంటాండా."

"బంతిపువ్వు ఇంకెట్లుంటాదప్పా?"

"పువ్వుకేమిలే అన్నా, దానికి బదిలీలు ల్యావు. నీకుండాయి." వెంకటేశులు గొంతు తగ్గించాడు. "ఇప్పుడుండేవాళ్ళ రంగేస్తే రేపొచ్చేవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. రేపొచ్చేవాళ్ళ రంగేస్తే ఇప్పుడుండేవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. ఏ రంగేసినా గుర్తుపెట్టుకునేటోడు ఒగడుంటాడు. శుక్రవారం దాకా మాట రాగూడదని నువ్వే గదా నాతో అంటివి."

"మరి నువ్వేం ఏసినావు?"

వెంకటేశులు తన కాగితం ఎత్తి చూపించాడు. నెమలి పుట్టినప్పుడెంత తెల్లగా ఉందో ఇప్పుడూ అంతే తెల్లగా ఉంది. "నేను పెన్సిలు చెక్కుతాండా. పొద్దుగూకేదాకా చెక్కుతా. నువ్వు ఇప్పుడన్నా దాని చుట్టూ నీలం ఏసేయ్. ఒగదానికి ఒగటి సరిపోతాది."

లక్ష్మీపతి పువ్వు చుట్టూ నీలం నింపాడు. భుజాలు మళ్ళీ చెవుల దగ్గరికి వెళ్ళాయి. నింపడం పూర్తయిందనుకునే లోపల టైపిస్టు గౌస్‌బీ వెనక నుంచి వంగి చూసింది. ఆమె ఇంటి దగ్గర కుట్టుపని కూడా చేస్తుంది. గుడ్డ చూస్తే ఎంతుందో చెప్పేస్తుంది.

"లక్ష్మీపతన్నా, పసుపే ఎక్కువుండాది" అంది.

"ఎంత ఎక్కువమ్మా?"

"జాకెట్టుకు చేతులు కుట్టేంత."

అతను కింది రేకుల మీద నీలం దిద్దాడు. అప్పుడు నీలం ఎక్కువైంది. ఆకుల మీద పసుపు దిద్దాడు. ఇంతలో ఫోటోలు తీసుకుంటూ మేడం వచ్చి ఆగింది.

"ఇదేంటండీ లక్ష్మీపతిగారూ, రెండే ఉన్నాయి? మిగతావాళ్ళు ఏమనుకుంటారు?"

"ఎవరు మేడం?"

"ఎవరైనా సరే. మనకెందుకొచ్చిన గొడవ? అందరినీ వేసేయండి."

లక్ష్మీపతి ఎరుపు వేశాడు, కాషాయం వేశాడు. మేడం తల ఒక పక్కకు వంచి చూసింది, రెండో పక్కకు వంచి చూసింది. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. "ఇప్పుడు అందరూ ఉన్నారు. కానీ మధ్యలో ఎవరున్నారో చూడండి. మధ్యలో ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళని అనుకోరూ?"

హాలంతా ఇదే తంతు. చేప వచ్చినవాడు దానికి మట్టి రంగు వేసి, చేప మట్టిలో ఉన్నట్టు చెప్పుకుంటున్నాడు. ముగ్గు వచ్చినాయన మామూలు పెన్సిలుతో గీతల మీదే గీతలు గీస్తున్నాడు. మధ్యలో జ్యోతి మిషను పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి రక్తపోటు చూసింది. రంగులు వేయకముందు ఉన్నదానికంటే అందరికీ పెరిగింది. ఆమె మిషనును అటూ ఇటూ తిప్పి, గాలి ఊది, తన చేతికే కట్టుకుని చూసుకుంది. మిషను బాగానే ఉంది.

లక్ష్మీపతికి విసుగు రావడం తక్కువ. వచ్చినప్పుడు మాత్రం అది తొందరగా ముగించేయాలన్న కోరికలాగా వస్తుంది. పెట్టెలో ఏ పార్టీకీ చెందని రంగు కోసం వెతికాడు. నలుపు కనబడింది. దాన్ని తీసుకుని మధ్య నుంచి అంచుల దాకా, అంచుల నుంచి మూలల దాకా దిద్దేశాడు. పసుపు, నీలం, ఎరుపు, కాషాయం అన్నీ దాని కింద సమానంగా మాయమయ్యాయి.

"ఇప్పుడు ఎవరిదీ కాదు మేడం."

మేడం కాగితం చూసి పొద్దున్నుంచి మొదటిసారి నవ్వింది. "హమ్మయ్య. ఇలాగే ఉండనివ్వండి."

మధ్యాహ్నం వేళకు లక్ష్మీపతి బండి తీసుకుని ఇంటికి పోయాడు. ఓబులమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని సిద్ధంగా ఉంది. నల్లద్దాలు తీసి, ఆపరేషను కాని కన్నుతో అతని చేతుల కేసి చూసింది.

"ఏమప్పా, బొగ్గులు మోసినావా?"

"రంగులేసినా అత్తా."

"ఏ రంగు?"

"అన్నీ ఏసినా. చివరికి ఇట్లయినాది."

"ముందు సబ్బు పెట్టి కడుక్కోని రా. ఆ చేతులతో ఏస్తే ఉన్న చూపు పోతాది."

అతను చేతులు తోమి తోమి కడుక్కునే ఆ కాసేపట్లో ఆఫీసులో కథ మారిపోయింది.

జ్యోతి కాగితాలన్నింటినీ తీసుకెళ్ళి వరండాలో నోటీసు బోర్డుకు గుచ్చింది. పాలిపోయిన నెమళ్ళు, మట్టిచేపలు, గీతల ముగ్గులు. వాటన్నింటి మధ్య నిగనిగలాడుతూ ఒక నల్ల కాగితం, కింద లక్ష్మీపతి పేరు. అది ఉద్యోగుల సంఘం కార్యదర్శి ఇమాం హుస్సేన్ కంట పడింది. అర్జీకి బదులు పెన్సిళ్ళు వచ్చినప్పటి నుంచి ఆయన లోపల రగిలిపోతున్నాడు. ఏదో ఒకటి చేయాలని ఉంది గాని, మొదలుపెట్టే మనిషి దొరకలేదు.

సర్కారు ఉద్యోగి కోపం వస్తే పని మానడు. చొక్కాకు నల్ల బ్యాడ్జీ పెట్టుకుని పని చేస్తాడు. తరతరాలుగా అదే ఆనవాయితీ. నలుపుకు కూడా యజమాని ఉన్నాడనీ, అది తమ సంఘమేననీ లక్ష్మీపతికి ఆ తొందరలో తట్టలేదు.

"ఏం మనిషప్పా" అన్నాడు ఇమాం హుస్సేన్, కాగితం ముందు చేతులు కట్టుకుని నిలబడి. "నోరు లేదనుకుంటిమి గదా ఇన్నాళ్ళూ. నోరు తెరవకనే ఎంత మాట అనేసినాడో చూడు. మనుషుల్ని అడిగితే పెన్సిళ్ళిస్తారా అని మొహం మీద అడిగినాడు. ఆయన ఒక్కడే అడగల్లనా? మనకు ల్యాదా సిగ్గు?"

అందరికీ ఉందని తేలింది. మూలన పడున్న పాత టైపు మిషను రిబ్బను గౌస్‌బీ బయటికి లాగింది. కొలవకుండానే సమానమైన ముక్కలుగా కత్తిరించింది. గుండుసూదులకు ఆఫీసులో ఎప్పుడూ కొరత లేదు. వెంకటేశులు మాత్రం పెన్సిలు చెక్కుకుంటూ ఉండిపోయాడు.

అప్పుడే కేబుల్ టీవీ రంగన్న కెమెరాతో గేట్లోకి అడుగుపెట్టాడు. ఉద్యోగులు ఆనందంగా రంగులేస్తున్న దృశ్యాలు తీయమని మేడం పిలిపించిన మనిషి. ఆనందం కంటే మంచి వార్త ఎదురుగా కనబడేసరికి అతని అడుగుల్లో వేగం పెరిగింది.

లక్ష్మీపతి తిరిగి వచ్చి బండి స్టాండు వేసేసరికి గుమాస్తాలంతా చొక్కాలకు నల్లగుడ్డ ముక్కలతో వరండాలో నిలబడి ఉన్నారు. అతను హెల్మెట్ తీసి, మెల్లగా దగ్గరికి వచ్చి, ఇమాం హుస్సేన్ చెవిలో అడిగాడు.

"ఎవరు పోయినారన్నా?"

"ఎవరూ పోల్యా. నువ్వు లేసినావు" అని ఇమాం హుస్సేన్ అతని చేయి పైకెత్తి పట్టుకున్నాడు. "లక్ష్మీపతి నాయకత్వం వర్ధిల్లాల."

వర్ధిల్లాలని అందరూ అరిచారు. బోర్ల కాగితాలతో వచ్చిన రైతులు కూడా అరిచారు. ఎందుకో వాళ్ళకు తెలియదు గాని, పొద్దున్నుంచి ఊరికే కూర్చుని ఉన్నారు. రంగన్న కెమెరాను లైవులో పెట్టి మైకు ముందుకు చాపాడు.

"ఈ నిరసన ఎన్నాళ్ళ నుంచి మీ మనసులో ఉండాది?"

"నిరసన కాదప్పా. బంతిపువ్వు అది."

రంగన్న కెమెరాను తన వైపు తిప్పుకున్నాడు. "బంతిపువ్వులా వికసించాల్సిన ఉద్యోగి జీవితాన్ని నల్లగా మార్చింది ఎవరని లక్ష్మీపతి సూటిగా ప్రశ్నిస్తున్నారు."

"నేను ప్రశ్నించల్యా" అన్నాడు లక్ష్మీపతి. అప్పటికి మైకు వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

మేడం గది నుంచి పిలుపు వచ్చింది. ఆమె ఫోను చెవిన పెట్టుకుని నిలబడి ఉంది. ఫోను పెట్టేసిన తర్వాత కూడా కొంతసేపు కూర్చోలేదు. పక్కన జ్యోతి దిగులుగా చూస్తోంది.

"మీరు నన్ను ముంచేశారండీ లక్ష్మీపతిగారూ."

"మేడం, నలుపు బాగుందని మీరే అంటిరి గదా."

"నేను నవ్వాను. బాగుందని అనలేదు."

జ్యోతి ముందుకు వచ్చింది. "సార్, పువ్వు మొత్తం నలుపు నింపారంటే లోపల బాధ చాలా ఉందన్నమాట. మీకు బాగా దగ్గరివాళ్ళు ఎవరైనా దూరమయ్యారా?"

"అయినారమ్మా. మా ఇంటామె" అన్నాడు లక్ష్మీపతి నెమ్మదిగా. "అయితే దానికీ దీనికీ సంబంధం లేదు. పసుపు ఏసేటప్పుడు ఆమె గుర్తుకొచ్చినాది. అప్పుడు బాగుండె. మిగతా రంగులన్నీ శుక్రవారం కోసం ఏసినా."

జ్యోతికి శుక్రవారం సంగతి తెలియదు. ఆమె ఇంకా దిగులుపడింది. "మేడం, సార్‌ను ఈ గోలలో ఉంచకూడదు. కొన్నాళ్ళు జనం లేని, ఒత్తిడి లేని, ప్రశాంతమైన చోట ఉండాలి."

మేడం మొహం మెల్లగా విప్పారింది. రెండు తలనొప్పులకు ఒకే మాత్ర దొరికిన మనిషి మొహం అది.

"ప్రశాంతమైన చోటు ఒకటుంది. గుమ్మఘట్ట."

"మేడం, మా అత్త కంట్లో చుక్కలు..."

"తెలుసండీ. నాకు మాత్రం బాధగా లేదా? కానీ టీవీలో వచ్చేసింది. పైనుంచి ఏదో ఒకటి చేయమంటున్నారు. ఇది శిక్ష కాదు, మీ ఆరోగ్యం కోసం అని రాస్తాను" అంటూ మేడం నిజంగానే బాధపడుతూ కలం తీసింది.

లక్ష్మీపతి కిటికీలోంచి బయటికి చూశాడు. పొద్దున్నుంచి అతను మాట్లాడింది తక్కువ, అందులో జనానికి వినబడింది ఇంకా తక్కువ.

అదే సమయానికి గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి ముందు పెద్దక్క, ఆమె చేయి పట్టుకుని ఓబులమ్మ దిగారు. టీవీ చూడొద్దని డాక్టరు చెప్పిన మాట ఓబులమ్మ ఒక కంటి వరకే పాటిస్తోంది. రెండో కన్నుతో చూస్తుంటే తెర మీద అల్లుడు, అతని మూతి దగ్గర మైకు, చుట్టూ జనం కనబడ్డారు. మాటలు అర్థం కాలేదు గాని, వాడు ఉమ్మి మింగిన తీరు చూసి ఏదో అయిందని అర్థమైంది.

ఆమె నల్లద్దాలు చూడగానే ఇమాం హుస్సేన్ చేతులు జోడించాడు. "చూడండప్పా, ఇంటి పెద్దామె గూడా నల్లద్దాలు పెట్టుకోని వచ్చినాది మద్దతుకు."

జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. రంగన్న మైకుతో అడ్డం వచ్చాడు.

"అవ్వా, మీ డిమాండేమి?"

"అంటే ఏందప్పా?"

"నీకేం కావల్లని అడుగుతాండా."

"నాకా? మావాడు ఈడే ఉండల్ల" అంది ఓబులమ్మ, మైకు ఎటుందో తడిమి చూసుకుని దాన్ని గట్టిగా పట్టుకుంటూ. "వాన్ని యాడికన్నా తోలినారంటే నా కండ్లకు దిక్కెవురు? చుక్కలేసేకి సర్కారోళ్ళొస్తారా రోజూ మధ్యాన్నం? వస్తామంటే చెప్పు, ఇంటి తాళం ఇస్తా."

ఆ మాటలు వెళ్ళినవి వెళ్ళినట్టే ఊరంతా వెళ్ళాయి. గదిలో ఫోను మోగింది. మేడం కలం పక్కన పెట్టి లేచి నిలబడింది.

"సార్... అవును సార్... ముసలావిడే సార్... కళ్ళకు ఆపరేషన్ సార్... లేదు సార్, ఇంకా సంతకం పెట్టలేదు సార్."

ఫోను అవతలి మాటలు చాలాసేపు సాగాయి. మేడం వాటిని కళ్ళు మూసుకుని విని, ఫోను పెట్టి, రాస్తున్న కాగితాన్ని మడిచి చించేసింది. పైవాళ్ళు చెప్పింది ఏమంటే, ఆ ఆఫీసులో నిరసన ఏదీ జరగలేదు. జరగనిదానికి ఎవరి మీదా చర్య ఉండదు. లక్ష్మీపతిని కదిపితే నిరసన జరిగిందని ఒప్పుకున్నట్టవుతుంది. కాబట్టి అతను ఎక్కడున్నాడో అక్కడే, వీలైతే అదే కుర్చీలో ఉండాలి.

"జ్యోతిగారూ, నలుపు అంటే బాధ అని రాయకండి. ఇంకేదైనా అర్థం ఉంటుందేమో చూడండి" అంది మేడం.

జ్యోతి కాసేపు పుస్తకం తిరగేసింది. తర్వాత పుస్తకం మూసేసి, తనకు తోచింది తనే రాసింది. ఆ ఉద్యోగి అన్ని రంగులనూ సమానంగా చూసే అరుదైన మానసిక స్థితికి చేరుకున్నాడు. ఇది కార్యక్రమం సాధించిన ఫలితం.

బయట ఇమాం హుస్సేన్ విజయం ప్రకటించాడు. "మన డిమాండ్లన్నీ ఒప్పుకున్యారు" అన్నాడు.

"మనం ఏం అడిగితిమన్నా?" అన్నాడు లక్ష్మీపతి.

"అవ్వ అడిగినాది గదా."

సిబ్బంది సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రిబ్బను సిరా అంటిన చొక్కాలతో అందరూ ఎవరి సీటుకు వాళ్ళు వెళ్ళి, బోర్లవాళ్ళను ఒక్కొక్కరినీ పిలవడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం వరండా చాలా రోజుల తర్వాత ఖాళీ అయింది. ఓబులమ్మ ఆటోలో కాకుండా అల్లుడి బండి వెనక కూర్చుని, ఒక చేత్తో అతని భుజం, ఒక చేత్తో నల్లద్దాలు పట్టుకుని ఇంటికి చేరింది.

శుక్రవారం జాబితా వచ్చింది. గుమ్మఘట్ట కుర్చీ ఎదురుగా వెంకటేశులు పేరు ఉంది. జిల్లా గ్రూపులోని ఫోటోలు పైవాళ్ళు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూశారట. అందరూ ఏదో ఒకటి వేశారు. ఒక్క నెమలి మాత్రం తెల్లగా ఉంది. ఉద్యోగుల సంక్షేమం కోసం ప్రభుత్వం తలపెట్టిన కార్యక్రమానికి ఇతను సహకరించలేదని కారణం రాశారు.

"నేనేం జేసినానన్నా?" అన్నాడు వెంకటేశులు, బొటనవేలంత మిగిలిన పెన్సిలు చేతిలో పట్టుకుని. "ఏమీ ఏయల్యా గదా నేను."

"అదేనంట అప్పా" అన్నాడు లక్ష్మీపతి. ఆ మాట అనడానికి అతనికి కష్టంగానే ఉంది. బస్టాండు దాకా వెంట వెళ్ళి, పెట్టె ఎక్కించి వచ్చాడు.

కొన్నాళ్ళకు వెంకటేశులు ఫోను చేశాడు. గొంతు తేటగా ఉంది. "ఈడ సగం మంది కన్నడం మాట్లాడతారన్నా. వాళ్ళు ఎవరి పక్షమో నాకు అర్థమయ్యే లోపల సాయంత్రమైతాది. చానా ఏండ్లకు నిద్ర పడతాండాది. నువ్వేం జేస్తాండావు?"

"కోడిపుంజుకు రంగేస్తాండా" అన్నాడు లక్ష్మీపతి.

నిజంగానే వేస్తున్నాడు. వెళ్ళిపోతూ జ్యోతి అతనికి కొన్ని బొమ్మ కాగితాలు, ఒక పెన్సిళ్ళ పెట్టె ఇచ్చింది. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక, తలుపు దగ్గరగా వేసుకుని కాసేపు వేస్తాడు. కోడిపుంజుకు అన్ని రంగులూ ఉంటాయి. ఏ పార్టీ అని దాన్ని ఎవరూ అడగరు. ఆ రోజు ఓబులమ్మ పక్కన కూర్చుని, ఒక కన్ను మూసి, ఆపరేషనైన కన్నుతో కాగితం చూసింది.

"ఎరుపు ఇంత ఎర్రగా ఉంటాదా అప్పా?" అంది. "నేను మర్సేపోయింటి. తోకకు గూడా ఏయి, చూస్తా."

అతను తోకకు కూడా వేశాడు.

మరుసటి నెల పైనుంచి కొత్త ఆదేశం వచ్చింది. ఒత్తిడి తగ్గడానికి ఉద్యోగులంతా రోజూ పావుగంట గట్టిగా నవ్వాలని అందులో ఉంది గాని, ఎవరిని చూసి నవ్వాలో లేదు.